ఎనిమిది తీగెలు ఐదైన కథ

కర్ణాటక సంగీతానికి గమకమే ప్రాణం. స్వరం ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. మాండలిన్‌కున్నవేమో మెట్లు, వాటిమీద నాలుగు జతల తీగెలు. జతను కలిపి లాగడం కష్టం. మీటిన నాదమైనా కాసేపు నిలవదు. అటువంటి వాద్యంపై తోడి రాగం పలుకుతుందంటే ఎవరు నమ్ముతారు?

పలికించినవాడు మన పాలకొల్లు కుర్రవాడు, ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పుట్టాడు. ఆరేళ్లప్పుడే తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ చేతబట్టాడు. చిత్రమేమంటే, గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు; పిల్లవాడు విన్నదాన్ని తీగెపై వెదుక్కునేవాడు. నన్నడిగితే అదే మేలయింది. వేళ్ల అలవాటు కాక, గొంతే అతనికి పాఠమయింది.

గొంతులో విన్నది చేతికి రావాలంటే వాద్యమే మారాలి. అందుకే జంట తీగెలు తీసి ఒంటి తీగెలు వేసి, కింది స్థాయి అందేందుకు ఐదవ తీగె చేర్చారు. ఎలక్ట్రిక్ మాండలిన్ కనుక నాదమూ నిలిచింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ, 1981లో మద్రాసు. పరాయి వాద్యమని పెదవి విరిచినవారూ లేకపోలేదు. 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. అప్పటికప్పుడు అల్లుకుపోవడం జాజ్ వాళ్లకూ ప్రాణమే కదా, మన కల్పనస్వరాలు వారికి మరీ పరాయివి కావు. తరువాత గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ తన 'రిమెంబర్ శక్తి' బృందంలోకి ఆయనను తీసుకున్నారు. గిటారు పక్కన కూర్చున్నా శ్రీనివాస్ గమకాన్ని మాత్రం విడిచిపెట్టలేదు.

1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభై అయిదేళ్లకే కన్నుమూశారు. తమ్ముడు రాజేష్‌దీ మాండలినే.