అనుమానం వేరు, ఆధారం వేరు: ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ చిత్ర పరిశీలన

డిటెక్టివ్ నవలలకు అలవాటుపడ్డ మనకు చివరి పేజీలో హంతకుడు దొరికితీరాలి. దొరక్కపోతే డబ్బులు దండగన్నట్టు వుంటుంది. మరి హంతకుడు దొరక్కుండానే ముగిసే కథ మనకేం నేర్పుతుంది? దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో 2003లో తీసిన ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ చూస్తే జవాబు దొరుకుతుంది.

కథకు మూలం నిజంగా జరిగిన ఘోరం. సియోల్‌కు దక్షిణాన వున్న హ్వాసాంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 వరకు పదిమంది ఆడవాళ్ళు హత్యకు గురయ్యారు. చిత్రం 1986 అక్టోబరులో, పండిన వరిచేల పక్క తూములో ఒక శవం కనిపించటంతో మొదలవుతుంది.

దర్యాప్తు చేసేది ముఖ్యంగా ఇద్దరు. స్థానికుడైన పార్క్ (నటుడు సాంగ్ కాంగ్ హో) మనిషి కళ్ళలోకి చూసి నేరస్థుణ్ణి పసిగట్టేస్తానంటాడు. సియోల్ నుంచి వచ్చిన సియో (కిమ్ సాంగ్ క్యుంగ్) కాగితాలు అబద్ధమాడవంటాడు.

పార్క్ పద్ధతి గమనించండి. హత్యాస్థలంలో దొరికిన అడుగుజాడ మీదుగా ట్రాక్టరు పోతుంది. ఆ తర్వాత బుద్ధిమాంద్యం వున్న ఒక కుర్రాడి బూటుతో పోలీసులే కొత్త జాడ తయారుచేస్తారు. తన్ని, బెదిరించి, ఏమని ఒప్పుకోవాలో కూడా వాళ్ళే నేర్పుతారు. ఆధారం పట్టుకుని మనిషి దగ్గరకు వెళ్ళాల్సింది పోయి, మనిషిని ముందే పట్టుకుని ఆధారం అల్లుతారన్నమాట!

తప్పు వ్యక్తులదే కాదు, కాలానిది కూడా. అది సైనికాధికారి చున్ డూ హ్వాన్ పాలించిన కాలం. మరో హత్య జరిగేట్టుంది, బలగాలు పంపండని డిటెక్టివులు అడిగితే, వాళ్ళంతా ప్రదర్శనలు అణచటానికి పోయారన్న సమాధానం వస్తుంది.

చివరికి పాత్రలు తారుమారవుతాయి. అనుమానితుడి డిఎన్ఏ సరిపోలలేదని అమెరికా నుంచి కాగితం వస్తుంది. కాగితాన్నే నమ్మిన సియో దాన్ని అబద్ధమంటూ పిస్తోలు ఎత్తుతాడు. కళ్ళనే నమ్మిన పార్క్ ఆ యువకుడి కళ్ళలోకి చూసి, తనకేమీ తెలియటం లేదంటాడు. చిత్రం మొత్తంలో అతడన్న నిజాయితీ గల మాట అదొక్కటే.

కథ తెరమీద ముగిసినా బయట ముగియలేదు. 2019లో, భద్రపరచిన వస్తువుల మీది డిఎన్ఏ అసలు హంతకుణ్ణి పట్టిచ్చింది. 1994లో చేసిన మరో హత్యకు అతడు అప్పటికే యావజ్జీవ ఖైదీ. అయితే ఈ వరస హత్యలకు చట్టం విధించిన గడువు 2006లోనే తీరిపోయింది గనక వీటికి శిక్ష పడలేదు. అంతకన్నా బాధాకరం ఏమిటంటే, 1988 నాటి ఎనిమిదో హత్యకు వేరే మనిషి సుమారు 20 ఏళ్ళు జైల్లో మగ్గాడు. అతడు నిర్దోషి అని 2020 డిసెంబరులో కోర్టు తేల్చింది. పోలీసులు అతని చేత బలవంతంగా ఒప్పించారు.

చిత్రం మొదటి సగంలో పోలీసుల తన్నులు చూసి హాల్లో నవ్వులు వినిపిస్తాయి. అలాంటి తన్నులకు ఒక మనిషి ఇరవై ఏళ్ళు చెల్లించాడని తెలిశాక ఆ సన్నివేశాలు మరోసారి చూడండి.