రొమాంటిక్ ఫాంటసీకి రివ్యూ రాయడం ఎలా? కళాపూర్ణోదయంతో ఒక ట్రయల్

ఈ మధ్య మన క్లాసుల్లో రొమాంటసీ నవలల జోరు ఎక్కువైంది. సారా జె. మాస్, రెబెకా యారోస్ పుస్తకాలు చేతులు మారుతున్నాయి. ఎలా ఉందని అడిగితే మాత్రం "లవ్ ట్రాక్ సూపర్, సెకండాఫ్ ల్యాగ్" అని వదిలేస్తున్నాం. సినిమాకైతే ఓకే, ఈ జానర్‌కి అది సరిపోదు.

నా లెక్కలో మొదట అడగాల్సింది ఇది: కథలోంచి మాయని తీసేస్తే ప్రేమకథ మిగులుతుందా? మిగిలితే ఆ మాయ వట్టి డెకరేషన్. మిగలకపోతే ఆ మాయకి అక్కడ పనుందన్నమాట.

దీన్ని మన పింగళి సూరన మీద పెట్టి చూద్దాం. 'కళాపూర్ణోదయం' 16వ శతాబ్దం నాటిది, ఎనిమిది ఆశ్వాసాలు. పురాణం నుంచి తెచ్చుకున్న కథ కాదు, సొంత కల్పన. పద్యాలంటే భయమా? వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లిష్ అనువాదం 2002లో వచ్చింది. ఇంగ్లిష్ మీడియం వాళ్లం అటు నుంచి ఇటు రావచ్చు, సిగ్గుపడక్కర్లేదు. మా సంతోష్‌నగర్ వైపు వాళ్లయితే ఆదివారం బస్సెక్కి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తెలుగు ప్రతి కోసం కూడా వెతకండి.

ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగుతుంటుంది. పైన విమానంలో రంభ, నలకూబరుడు. కలభాషిణి మనసు నలకూబరుడి మీద పడుతుంది. చాలా మలుపుల తర్వాత ఆమె రంభ రూపంలో, నారదుడి శిష్యుడు మణికంధరుడు నలకూబరుడి రూపంలో ఒకరికొకరు ఎదురుపడతారు. ఎదుటివాళ్లదీ వేషమే అని ఇద్దరికీ తెలీదు. రెండు ఫేక్ ప్రొఫైళ్లు ఒకదాన్నొకటి నమ్మి ప్రేమలో పడ్డట్టు! ఇక్కడ మాయ తీసేస్తే ఏమీ మిగలదు. కలభాషిణి కోరుకున్న కౌగిలి దొరికింది, కానీ అది రంభకి దక్కిన కౌగిలి. తనని తనుగా ఎవరూ చూడలేదు.

ఇదే పుస్తకంలో శాలీనుడు, సుగాత్రి అనే భార్యాభర్తలున్నారు. నగలన్నీ పెట్టుకుని ఆమె పడగ్గదిలోకి వస్తే అతను పట్టించుకోడు. అదే మనిషి తోటలో తనతో పాటు పని చేస్తుంటే మనసు పారేసుకుంటాడు. ఈ సీన్‌లో ఏ మాయా లేదు. నాకైతే పుస్తకం మొత్తంలో బెస్ట్ లవ్ సీన్ ఇదే. నా రూల్ ప్రకారం చూస్తే ఇది ఫెయిల్ అవ్వాలి కదా? కానీ పక్కనే ఆ వేషాల కథ ఉంది కాబట్టి దీని బరువు తెలుస్తోంది. అంటే ఒక్కో సీన్‌ని విడిగా కాదు, పక్క సీన్లతో కలిపి టెస్ట్ చేయాలి.

పాత కావ్యాన్ని ఇలా తూకం వేయొచ్చా అంటారేమో. 1914లోనే కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము'లో సూరన కథా నిర్మాణాన్ని వివరంగా చర్చించారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయింది ఆయనే.

నాకో కంప్లైంట్ ఉంది. తర్వాతి జన్మలో మణికంధరుడు కళాపూర్ణుడవుతాడు, కలభాషిణి మధురలాలస అవుతుంది, ఇద్దరికీ పెళ్లవుతుంది. చక్కటి ప్లాటే. కానీ ఆమె మొదట కోరుకున్నది నలకూబరుణ్ణి. మనసు ఎప్పుడు, ఎందుకు మారింది? మీరు రివ్యూ రాస్తే అక్కడి నుంచే మొదలుపెట్టండి.