తెర వెనుక తలుపు

చదువుకొనవలసిన భాగములు: అపొ. కార్య. 14:8-20; 10:24-26; 19:11-12; మార్కు 5:24-34; 2 రాజులు 5:9-14.

లుస్త్ర పట్టణములో జరిగిన సంగతి మన సంఘములలో అనేకులకు తెలిసినదే. పుట్టు కుంటివాడొకడు లేచి నడిచెను. అది చూచిన జనులు పౌలును బర్నబాను దేవతలనుకొని, ఎడ్లను పూదండలను తెచ్చి వారికి బలి అర్పింపబోయిరి. సాధారణముగా మనము ఈ భాగమును చదివి, వారు విగ్రహారాధికులు గనుక అట్లు చేసిరని అనుకొని పేజీ తిప్పివేయుదుము. ఈ నెల ఆ పేజీయొద్ద కొంచెముసేపు ఆగుదము. ఒక మనుష్యుని చూచి, ముట్టి, ఆయన యొద్దనుండి ఏదైన ఒకటి ఇంటికి తెచ్చుకొనవలెనను ఆశ లుస్త్రలోనే పుట్టి లుస్త్రలోనే చావలేదు. సినిమా హాళ్లయొద్ద కటౌట్లకు పాలు పోయువారిని మనము చూచుచునే యున్నాము. అయితే ఈ పాఠమునకు మనము కొంత దూరము పోయి, అమెరికా దేశపు పాటగాడొకని సంగతి తీసికొందము. ఆయన కథలో మనకు అక్కరకు వచ్చునవి రెండు తలుపులు. రెండును రంగస్థలము వెనుకవే.

రాక్ అండ్ రోల్ సంగీతమునకు రాజు అని లోకము పేరు పెట్టిన ఎల్విస్ ప్రెస్లీ 1935 జనవరి 8న మిస్సిసిపీ రాష్ట్రములోని టుపెలో అను ఊరిలో, రెండు గదుల ఇంటిలో పుట్టెను. కవలలలో ఒకడు, తోడివాడు ప్రాణము లేకయే పుట్టెను. తలిదండ్రులు బీదవారు, అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘమునకు పోవువారు. 1948లో ఆ కుటుంబము మెంఫిస్ నగరమునకు వలసపోయి, కొంతకాలమునకు ప్రభుత్వము బీదలకు కట్టించిన ఇండ్లలో కాపురము పెట్టెను.

ఆ నగరములో ఎల్లిస్ ఆడిటోరియము అను పెద్ద హాలు ఉండెను. 1950 తరువాత అక్కడ క్రైస్తవ పాటల కూటములు రాత్రి పొడుగున జరుగుచుండెను. మన పల్లెలలో జాగరణ కూటములకు పిల్లలను చంకన వేసికొని, చాపలు చుట్టుకొని పోవువారికి అట్టి రాత్రి ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. నలుగురేసి మగవారు ఒక జట్టుగా నిలిచి నాలుగు స్వరములలో పాడుదురు. బ్లాక్‌వుడ్ సహోదరులు, స్టేట్స్‌మెన్ అను జట్లకు అక్కడ గొప్ప పేరు. హైస్కూలులో చదువుచున్న ఎల్విసుకు వీరే వీరులు. వారి పాట మాత్రమే గాక వారి బట్టలు, వారి నిలుకడ, వారు జనమును కదలించు విధము, అన్నియు ఆ కుర్రవాడు కన్నార్పక చూచుచుండెను.

పాడువారిలో జె. డి. సమ్నరు అను పొడగరి యొకడు. అంత దిగువ స్వరము పాడువారు మిక్కిలి అరుదు. ఈ కుర్రవాడు ప్రతి కూటమునకు వచ్చుట ఆయన గమనించెను. ఒక నెల కనబడలేదు. మరుసటిసారి, ఏమి రాలేదని అడుగగా, టిక్కెట్టుకు డబ్బు లేదని వాడు చెప్పెను. ఇకమీదట వెనుక తలుపుయొద్దకు రమ్మనియు, తానే లోపలికి తీసికొందుననియు సమ్నరు చెప్పెను, అట్లే చేసెను. ఈ సంగతిని సమ్నరు తన ముసలితనములో కూడ ఇష్టముగా చెప్పుకొనుచుండెను. కొన్ని సంవత్సరములకు తాను అదే తలుపుయొద్దకు రాగా, లోపలనుండి తెరచి తనను రానిచ్చినవాడు ఎల్విసే అని ఆ కథకు ఒక తోక తగిలించుచుండెను.

అభిమాని తన వీరుని తెర వెనుక కలిసికొన్న మొదటి తలుపు ఇది. ఇక్కడ పూజ లేదు, కేకలు లేవు. పెద్దవాడు చిన్నవానిని పేరు పెట్టి అడిగెను. కనబడని దినమున గుర్తుంచుకొనెను. మన సంఘములలో పాటలు నడిపించువారు, ఆదివార బడి ఉపాధ్యాయులు ఈ మాటను రెండుసారులు చదువవలెనని మా మనవి. గాయకుడు వేదికమీద ఏ పాట పాడెనో ఆ కుర్రవాడు మరచిపోయి యుండవచ్చును; తలుపు తెరచిన సంగతి మాత్రము మరువలేదు.

రెండవ తలుపు వేరు. 1954 జూలైలో ఎల్విస్ మెంఫిస్ నగరములోని సన్ కంపెనీలో తన మొదటి రికార్డు చేసెను. 1955 ఫిబ్రవరిలో అదే ఎల్లిస్ ఆడిటోరియములో, ఒకప్పుడు టిక్కెట్టు కొనలేని హాలులో, వేదిక నెక్కి పాడెను. అదే సంవత్సరము మే 13న ఫ్లారిడా రాష్ట్రపు జాక్సన్‌విల్ పట్టణములో ఆయన కచేరి జరిగెను. వచ్చినవారు 14,000 మంది అని వ్రాయబడినది. పాట ముగించి, యువతులనందరిని తెర వెనుక కలిసికొందునని ఆయన నవ్వులాటకు ఒక్క మాట అనెను. ఇరువదేండ్ల కుర్రవాడు, నోరు జారెను అందుము. జనము దానిని నవ్వులాటగా తీసికొనలేదు. కావలివారిని త్రోసికొని, తెరచియున్న కిటికీలోనుండి కూడ దూరి, బట్టలు మార్చుకొను గదిలోనికి చొరబడిరి. ఆయన కోటు, చొక్కా పీలికలాయెను. కాలి జోళ్లు పోయెను. స్నానపు గది అడ్డుగోడ మీదికి ఎక్కి కూర్చుండి, సిగ్గును భయమును ముఖమున నింపుకొని ఉండగా చూచితిమని అక్కడివారు చెప్పిరి. పోలీసులు వచ్చి విడిపింపవలసి వచ్చెను.

ఇప్పుడు లుస్త్రకు తిరిగి పోదము. అక్కడను బట్టలు చినిగెను. కాని చించినది ఎవరు? జనులు కాదు, పౌలు బర్నబాలే తమ వస్త్రములను చించుకొని, తామును వారివంటి మనుష్యులమే అని కేకలు వేయుచు జనములోనికి చొరబడిరి. వేదిక విడిచి క్రిందికి వచ్చిరన్నమాట. కొర్నేలీ తన పాదములమీద పడినప్పుడు పేతురును అంతే చేసెను; అతని లేవనెత్తి, తానును నరుడనే అని తెలిపెను. బోధకులు తమ్మును తామే తగ్గించుకొననియెడల, జనము వారిని ఎత్తుకొనిపోయి చివరకు చింపుటయే జరుగును. పద్నాలుగవ అధ్యాయము పందొమ్మిదవ వచనము చూడుడి. దండలు తెచ్చిన ఊరే కొద్దికాలములోనే రాళ్లు తీసికొనెను. పొగడ్త చేతికిని రాయి పట్టిన చేతికిని అంత దూరము లేదు.

మార్కు అయిదవ అధ్యాయములోని స్త్రీయు జనసమూహములో వెనుకనుండి వచ్చి వస్త్రపు అంచు ముట్టెను గదా, అది తప్పు కాదు గదా అని కొందరు అడుగుదురు. మంచి ప్రశ్నయే. ఆ స్త్రీ ముట్టినది ఏదో ఒక జ్ఞాపికను ఇంటికి కొనిపోవుటకు కాదు. పండ్రెండేండ్ల బాధతో ముట్టెను. అంతకంటె ముఖ్యమైనది ప్రభువు చేసినది. తోయుచున్న జనములో ఆయన ఆగి, వెనుకకు తిరిగి, ముట్టినదెవరని వెదకెను. ఆమె వణకుచు తన సంగతియంతయు చెప్పువరకు నిలిచి వినెను. కుమార్తె అని పిలిచెను. యాయీరు ఇంట బిడ్డ చావనైయుండగా ఆయన అక్కడ ఆలస్యము చేసెనని మరువకుడి. పదునాలుగు వేలమంది నడుమ ఏ పాటగాడును అట్లు చేయలేడు. అది ఎల్విసు దోషము కాదు; నరుని కొలత అంతే.

1969 నుండి 1976 వరకు లాస్ వేగాస్ నగరములోని ఒక హోటలులో ఆయన 600కు పైగా కచేరీలు చేసెను. ఆ సంవత్సరములలో ఒక వాడుక పుట్టెను. తోడి వాద్యగాడొకడు ఆయన మెడలో కండువా వేయును. ఆయన దానితో చెమట తుడుచుకొని వేదిక అంచున ఉన్న స్త్రీలకిచ్చును. వెంటనే మరియొక కండువా వేయబడును. ఒక్క రాత్రిలో ఎన్నియో పంచబడుచుండెను. వాటిని ఉదుకక దాచుకొన్నవారు కలరు. ఇది చదువగానే మనకు ఎఫెసులో పౌలు శరీరమునకు తగిలిన చేతిరుమాళ్ల సంగతి తోచును. కాని ఆ వచనమునకు ముందున్న వచనము చదువుడి. చేసినవాడు దేవుడని లూకా అక్కడ స్పష్టముగా వ్రాసెను. ఆ గుడ్డలు రోగులయొద్దకు పోయెను. పెట్టెలలోనికి పోలేదు, అమ్మబడనులేదు. ఈ దినములలో ప్రసంగీకుల చేతిరుమాలు, ప్రార్థించిన నూనె సీసా అని వెల కట్టి ఇచ్చుట అక్కడక్కడ మన ప్రాంతములలోను వినబడుచున్నది. అట్టిదానికి పందొమ్మిదవ అధ్యాయములో ఆధారము దొరకదని మేము తలంచుచున్నాము.

కచేరి ముగిసిన తరువాత జనము కదలరు. మరల ఒకసారి కనబడునేమో, వెనుక తలుపునుండి పోవునేమో అని నిలిచియుందురు. అందుచేత ఎల్విస్ భవనము విడిచి వెళ్లిపోయెనని మైకులో చాటింపు వేయు వాడుక 1956 డిసెంబరులోనే మొదలై, ఆయన చివరి దినముల వరకు సాగెను. వచ్చినవారు ఆయన లేడని వినినప్పుడే ఇంటికి పోవుచుండిరి.

ఆ తలుపుకు అవతల ఏమున్నదో చాలమందికి తెలియదు. ఆయన చుట్టు ఎప్పుడును స్నేహితులు, పనివారు, బంధువులు గుంపుగా ఉండిరి. వారిలో అనేకులు ఆయన జీతము తినువారే. నిద్రకు ఒక మందు, మేలుకొనుటకు ఒక మందు, నొప్పికి ఒక మందు. 1977లో ఆయన బ్రదికియున్న ఎనిమిది నెలలలోపల వైద్యుడు వ్రాసియిచ్చిన మోతాదులు పదివేలకు పైబడెనని తరువాత విచారణలో తేలెను. ఆ సంవత్సరము జూన్ 26న ఇండియానాపొలిస్ నగరములో చివరి కచేరి. ఆగస్టు 16న మెంఫిస్‌లోని తన గ్రేస్‌లాండ్ ఇంట మరణము. వయస్సు నలువది రెండు.

ఇక్కడ మనము నయమాను పనివారిని తలంచుకొనవలెను. సైన్యాధిపతి కోపించి రౌద్రుడై తిరిగిపోవుచుండగా, వారు దగ్గరకు వచ్చి, నాయనా అని పిలిచి, వద్దన్న పనినే చేయుమని బ్రతిమాలిరి. జీతము తినువారు యజమానునికి ఎదురు చెప్పుట ఎంత కష్టమో కూలి చేసికొను మనకు బాగుగ తెలియును. ఆ పనివారి పేర్లైన గ్రంథములో లేవు; కాని వారు నోరు మెదపనియెడల నయమాను కుష్ఠుతోనే దమస్కుకు పోయి యుండును. గొప్పవాని ఇంట అట్టి ఒక్కరుండినను ఎంత మేలు!

అయినను ఒక సంగతి మేము చెప్పక విడువరాదు. కచేరీలు ముగిసిన రాత్రులలో, తెర వెనుకను హోటలు గదులలోను, ఎల్విస్ తోడివారిని కూర్చుండబెట్టుకొని తెల్లవారువరకు క్రైస్తవ గీతములు పాడుచుండెను. 1971 నవంబరు నుండి ఆయన వెనుక నిలిచి పాడిన జట్టు సమ్నరు నడిపిన స్టాంప్స్. వెనుక తలుపు తెరచిన ఆ సమ్నరే. ఎల్విసుకు పోటీలో దొరికిన గ్రామీ బహుమానములు మూడును క్రైస్తవ గీతములకే దొరికెను, రాక్ పాటలకు కాదు. తనను రాజని పిలిచినవారికి, రాజు క్రీస్తొక్కడే అని ఆయన బదులు చెప్పినట్లు ఆయన వెంట పాడినవారు చెప్పిరి. ఆ మాట నోట ఉండెను, కండువాలును పంచబడుచుండెను. మనలో అట్లు రెండు నడుమ నలుగని వారెందరు? ఆయన హృదయమును తూచు త్రాసు మన చేతికి ఇయ్యబడలేదు.

1958లో ఆయన తల్లి చనిపోయినప్పుడు సమాధి కార్యక్రమములో పాడినవారు బ్లాక్‌వుడ్ సహోదరులు. 1977 ఆగస్టు 18న ఆయన శవపేటికయొద్ద జేమ్స్ బ్లాక్‌వుడ్, స్టేట్స్‌మెన్ జట్టులో పేరుపొందిన జేక్ హెస్, సమ్నరు జట్టువారు పాడిరి. ఆ దినమున వీధి నిండ నిలిచిన వేలమందిలో ఎవరును ఆయనను అంతకు ముందెరుగరు, దూరమునుండి తప్ప. లోపల పాడినవారిలో కొందరు మాత్రము ఆయనను కుర్రతనమునుండి ఎరుగుదురు.

మన జిల్లాలలో కన్వెన్షనులు మొదలగు కాలము వచ్చుచున్నది. పందిరి వెనుక ప్రసంగీకుడు బస చేసిన గదియొద్ద జనము మూగుట, ఫొటోకై తోపులాట, కారు తలుపు పట్టుకొని వ్రేలాడుట ఈ మధ్య ఎక్కువగుచున్నవి. పెద్దలు ముందుగానే ఏర్పాటు చేసికొనవలెను. వచ్చిన సేవకునికి విశ్రాంతికి చోటును, వేళకు భోజనమును ఉండవలెను. రోగులు, దుఃఖములోనున్నవారు ఉందురు గనుక ఒక గంట వారికే నియమించి, ఒక్కొక్కరిని కూర్చుండబెట్టి ప్రార్థించునట్లు చూడవలెను. ప్రసంగములో తప్పు దొర్లినయెడల మెల్లగా చెప్పగల పెద్ద ఒకరైన ఆ గదిలో ఉండుట మంచిది.

గృహకూటములలో ఈ పాఠము నడిపించువారు యౌవనస్థులను ముందు మాట్లాడనియ్యవలెను. వారికి ఇష్టమైన పాటగాడెవరో, నటుడెవరో అడిగి, నవ్వక గద్దింపక వినవలెను. అమ్మలును అక్కలును తమ కాలపు వారి పేర్లు దాచనక్కరలేదు. ఆ తరువాత పద్నాలుగవ అధ్యాయము తెరచి, ఎనిమిదవ వచనమునుండి ఇరువదవ వచనము వరకు వారిచేతనే చదివించుడి.