మంచికి పోతే అనుమానం

పెట్రోలు బంకులో పనిచేసే కుర్రవాడు ఒకడున్నాడనుకోండి. ఎండలో వచ్చిన పెద్దాయనను చూసి జాలిపడి, గొట్టం బండిలో పెడుతూనే "ఎంత దూరం నుంచి వస్తున్నారు బాబాయిగారూ?" అని పలకరించాడు. ఆయన జవాబు చెప్పి తల తిప్పేసరికి మీటరు పరుగెడుతోంది. "మాటల్లో పెట్టి సున్నా చూపించలేదు!" అని ఆయన నలుగురిలో కేకలు వేశాడు. కుర్రవాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెద్దాయనకు అనుమానం ఊరికే రాలేదు. మాటల్లో పెట్టి మోసం చేసేవారూ ఉన్నారు కదా! కుర్రవాడి మనసు మంచిదే, వరుస తప్పింది. ముందు "సున్నా చూడండి" అనాలి. ఆయన చూశాకే మీట నొక్కాలి. పలకరింపు డబ్బు లెక్క ముగిశాక.

అప్పటికీ అనుమానం తీరకపోతే? తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర బంకులో ఉంటుంది. అడిగిన వినియోగదారునికి దానితో కొలిచి చూపాలి. వెనుక బండ్లు బారులు తీరినా సరే, విసుక్కోకూడదు. విసుక్కుంటే అనుమానం రెట్టింపవుతుంది.

ప్రశ్న: మీరు కిరాణా దుకాణంలో పనిచేస్తున్నారు. ఒక అవ్వ చేతిలోని బరువైన సంచి అందుకోబోతే ఆమె దాన్ని గట్టిగా పట్టుకుంది. మీరు ముందుగా ఏమని అడిగి ఉండాల్సింది? రెండు వాక్యాలలో రాయండి.