టైటాన్స్ తొలి లీగు: చెడుగుడు నేర్పిన లెక్కలు

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

చెడుగుడు తెలియని తెలుగువాడు ఉండడు. అయితే ఆ ఆటతోనే బతకొచ్చు అంటే మొన్నమొన్నటి దాకా మన పల్లెల్లో నవ్వేవారు. బాగా ఆడేవాడికి స్పోర్ట్సు కోటాలో రైల్వేలోనో, పోలీసు శాఖలోనో ఉద్యోగం వస్తే అదే పదివేలు. ఆటే ఉద్యోగం కావడం 2014లో మొదలైంది. ఆ యేడు పుట్టిన ప్రో కబడ్డీ లీగులో మన పేరుతో దిగిన జట్టు తెలుగు టైటాన్స్. ఆ జట్టు తొలి సీజనును పాఠంలా చదివితే మనకు పనికివచ్చే సంగతులు కొన్ని తేలతాయి.

ఎనిమిది జట్లు – అరవై ఆటలు

తొలి లీగు 2014 జూలై 26న ముంబాయిలో ఆరంభమై ఆగస్టు 31న ముగిసింది. జట్లు ఎనిమిది. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడాలి. అంటే జట్టుకు 14 ఆటలు. మొత్తం 8ని 7తో గుణిస్తే 56. సెమీఫైనల్సు రెండు, మూడో స్థానానికి ఒకటి, ఫైనలు ఒకటి కలిపితే 60. టైటాన్సుకు ఆ యేడు సొంత గడ్డ విశాఖపట్నం.

సంక్రాంతి పోటీల్లో ఒక్కసారి ఓడితే మూటాముల్లె సర్దుకోవలసిందే. లీగులో అట్లా కాదు. ఓడినవాడు మళ్ళీ లేస్తాడు. కాబట్టి ఒకనాటి అదృష్టం కంటే అయిదు వారాల ఓపికకు విలువ ఎక్కువ.

ఆనాటి మార్కుల పద్ధతి కూడా గమనించదగినది. గెలుపుకు 5, సమానమైతే 3, ఏడు పాయింట్లు లేక అంతకు తక్కువ తేడాతో ఓడితే 1. ఇందులో గొప్ప కిటుకు ఉండేది. తొమ్మిది పాయింట్లు వెనకబడి, రెండు నిమిషాలే మిగిలి ఉన్న జట్టు మామూలుగా చేతులెత్తేస్తుంది. అక్కడ ఆ తేడాను ఏడుకు దించితే ఒక మార్కు దక్కేది. ఓటమిలో కూడా పోరాడవలసిన పని ఉండేదన్న మాట.

ఇంతకూ మన జట్టు ఎక్కడ నిలిచింది? అయిదో స్థానంలో. సెమీఫైనలుకు వెళ్ళేది నలుగురే. ఒక్క మెట్టు తక్కువైంది! జైపూర్, ముంబాయి, బెంగుళూరు, పాట్నా జట్లు ముందుకు పోయాయి. ఫైనల్లో జైపూర్ 35–24తో ముంబాయిని ఓడించింది. మరుసటి యేడు, అంటే 2015లో, టైటాన్స్ మూడో స్థానం తెచ్చుకుంది.

మట్టి వేరు, మ్యాటు వేరు

ఇప్పుడు కొంచెం సైన్సు. మగవారి కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరాన బాక్ లైను, దానికి మీటరు అవతల బోనస్ లైను. కూతకు వెళ్ళినవాడికి గడువు 30 సెకన్లు. ఆట ఇరవయ్యేసి నిమిషాల రెండు భాగాలు కాబట్టి, ప్రతి కూతా పూర్తి గడువు తీసుకుంటే మొత్తం 80 కూతలు, జట్టుకు 40. వాటిలో ఏదీ వృథా చేయడానికి లేదు. పైగా వరసగా రెండు కూతలు ఉత్తివైతే, మూడోదానిలో పాయింటు తేవాలి. లేదంటే వెళ్ళినవాడు అవుటు.

ముప్పై సెకన్లంటే కొద్దిసేపే అనిపిస్తుంది. కాని మొదటి పది సెకన్ల దాకా కండరాల్లో నిలవ ఉన్న శక్తి పనిచేస్తుంది. తరువాత ఆక్సిజన్ చాలకుండానే గ్లూకోజు విచ్ఛిన్నమై లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆపైన కూత ఆపకూడదు కాబట్టి గుండెల నిండా గాలి పీల్చడానికి వీలు తక్కువ. అందుకే కూత చివరలో కాళ్ళు బరువెక్కుతాయి, పట్టేవాళ్ళు ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటారు.

చీలమండ పట్టు సంగతి చూడండి. పాదం ఆగిపోతుంది, శరీరపు గరిమనాభి మాత్రం జడత్వం వల్ల ముందుకే పోతుంది. ఫలితం బోర్లా పడటం. డుబ్కీ వేసి చేతుల కింద నుంచి దూరేవాడు గరిమనాభిని బాగా కిందికి దించుతాడు. అందుకే వాణ్ణి పడదోయడం కష్టం.

మన వైపు వరి కోతల నాటికే చేలో మినుము మొలకెత్తి ఉంటుంది. అందుచేత ఆట కళ్ళంలోనో, స్కూలు గ్రౌండులోనో. అక్కడ ఉత్త కాళ్ళ కింద మట్టి కాస్త జారుతుంది, జారుడులో దెబ్బ కొంత తగ్గుతుంది. మ్యాటు మీద బూట్లతో ఘర్షణ ఎక్కువ. చటుక్కున ఆగొచ్చు, చటుక్కున తిరగొచ్చు. కాని ఆ బలమంతా మోకాలి మీద, మడమ మీద పడుతుంది. ఏళ్ళ తరబడి మట్టిలో ఆడినవాడు ఒక్కసారిగా మ్యాటెక్కితే అడుగు కుదరదు. మా ఊరి హైస్కూల్లో మ్యాటు లేదు. చురుకైన కుర్రాళ్ళకు మాత్రం కొదవ లేదు.

2014 వేలంలో టైటాన్స్ ఎక్కువ ధర పెట్టింది దీపక్ నివాస్ హుడాకు, 12.6 లక్షలు. ఆయనది హర్యానా. కూతల్లో పేరు మోసిన రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. వాళ్ళ ఆటకు మనం చప్పట్లు కొట్టాం, కొట్టాలి కూడా. కాని తెలుగు పేరున్న జట్టు పెద్ద ధర పెట్టే కుర్రాడు తెనాలి నుంచో రేపల్లె నుంచో ఎందుకు రాకూడదు?

డబ్బొక్కటే చాలదు. 2023లో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది. అప్పటికి అది రికార్డు. ఆ సీజనులో జట్టు పట్టిక అడుగున మిగిలింది. ఏడుగురి ఆటలో ఒక్కడి ధర మిగతా ఆరుగురి పట్టును తెచ్చిపెట్టదు.

గ్రీన్ బే కథ

అమెరికాలో వృత్తి ఫుట్‌బాల్ లీగు 1920లో పుట్టింది. అది కాలితో తన్నే ఆట కాదు. కోలబంతిని చంకన పెట్టుకుని దూసుకుపోయేవాణ్ణి పట్టి పడేసే ఆట. చెడుగుడుకు దూరపు చుట్టం. అక్కడా నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు సాధించాలన్న గడువుంది.

విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే చిన్న ఊరు. 1920లో జనాభా సుమారు 31 వేలు. 1919లో కర్లీ లాంబో అనే యువకుడు తాను పనిచేసే మాంసం ప్యాకింగు కంపెనీని ఒప్పించి, యూనిఫారాలకు డబ్బు తెచ్చి జట్టు కట్టాడు. అందుకే దాని పేరు ప్యాకర్స్. 1921లో లీగులో చేరి తొలి సీజనులో మూడు గెలిచి, రెండు ఓడి, ఒకటి సమానం చేసుకుంది. అయితే కాలేజీ కుర్రాళ్ళను మారుపేర్లతో ఆడించినందుకు లీగులో స్థానమే పోయింది! 1922లో లాంబో దాన్ని మళ్ళీ సంపాదించాడు. మన టోర్నమెంట్లలో బయటి ఆటగాళ్ళను వేరే పేరుతో దింపే పెద్దలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

1923లో డబ్బు కటకట వస్తే ఊరివాళ్ళే ముందుకొచ్చారు. అయిదు డాలర్ల చొప్పున వెయ్యి వాటాలు అమ్మారు. వాటాదారులకు లాభం పంచరు. జట్టు ఊరిది, అంతే. ఆ చిన్న ఊరి జట్టు ఇప్పటికి 13 సార్లు విజేత అయింది.

మన సంగతి

2011 జనాభా లెక్కల్లో రేపల్లె 50 వేలు దాటింది. బాపట్ల దానికంటే పెద్దది, తెనాలి ఇంకా పెద్దది. ఊరి పరిమాణం అడ్డం కాదని గ్రీన్ బే చెప్పనే చెప్పింది.

విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల జట్లు మూడు కడదాం. ఒక్కొక్కరితో రెండేసిసార్లు ఆడితే 6 ఆటలు, ఫైనలుతో 7. బాపట్ల మెయిన్ లైను మీద ఉంది, రేపల్లె బ్రాంచి లైను చివర ఉంది, రెంటికీ తెనాలే జంక్షను. రైలెక్కితే చాలు. మార్కులు 5, 3, 1. చందాలతో ముందు ఒక మ్యాటు కొని, అది ఏ ఊళ్ళో ఆట ఉంటే ఆ ఊరికి తీసుకుపోదాం. ఆట లేని రోజుల్లో హైస్కూలు పిల్లలకు ఇద్దాం. పూర్వ విద్యార్థులు వాటాలు తీసుకోవాలి, ఫిజికల్ డైరెక్టరు గారు నియమాలు నేర్పాలి, మారుపేర్లు వద్దు.

తొలి యేడు అయిదో స్థానం వచ్చినా సిగ్గు లేదు. అసలు పట్టికలోనే లేకపోవడం సిగ్గు.