ఏకాంతవాసంలోని మూగజీవులు – సంరక్షకుల భద్రత

పాఠ్యభాగ పరిచయం

మూగజీవుల సేవను మన పూర్వులు పుణ్యకార్యంగా భావించారు. ఆ సేవయే జీవనోపాధి అయినవారు నేడు అసంఖ్యాకంగా ఉన్నారు. కొత్తగా వచ్చిన జంతువును కొంతకాలం ఏకాంతంలో ఉంచి పరిశీలించే క్వారంటైన్ కేంద్రాలలో పనిచేసే వారికి ఎదురయ్యే ప్రమాదాలను, వాటి నివారణోపాయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

క్వారంటైన్ అనే మాటకు మూలం ఇటలీ దేశపు భాషలో నలభై రోజులను సూచించే పదం. 1377లో ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం, ప్లేగు పీడిత ప్రాంతాల నుండి వచ్చేవారిని ముప్పై రోజులు వెలుపలే నిలిపింది. తరువాతి కాలంలో వెనిస్ వంటి రేవులలో ఆ గడువు నలభై రోజులయింది. ఈ పద్ధతియే క్రమంగా జంతువులకూ వర్తించింది. మన దేశంలో పశువుల దిగుమతిని నియంత్రించే చట్టం 1898లోనే వెలువడింది. నేడు న్యూఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు నగరాలలో ఇందుకు కేంద్ర ప్రభుత్వ కేంద్రాలున్నాయి.

క్వారంటైన్ వల్ల ఊరికి రక్షణ లభిస్తుంది. కాని లోపల మేత వేసేవాడికి, బోను కడిగేవాడికి, రక్తపు నమూనా తీసే పశువైద్యుడికి రక్షణ ఏది? జంతువుకు ఏ వ్యాధి ఉన్నదో ఇంకా తెలియని దశలోనే వారు దాని చెంతకు వెళ్ళవలసి వస్తుంది. ఈ వృత్తిలోని అసలైన ప్రమాదం ఇదే.

1967లో జర్మనీలోని మార్‌బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్ నగరాలలోను, యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోను కొందరు ప్రయోగశాల సిబ్బంది తీవ్ర జ్వరంతో, రక్తస్రావంతో మంచం పట్టారు. ఉగాండా నుండి తెప్పించిన కోతుల రక్తాన్ని, అవయవాలను తాకడం వల్ల వారికి ఆ వ్యాధి సోకింది. వారికి సేవ చేసిన వారిలోనూ కొందరికి అది వ్యాపించింది. మొత్తం 31 మంది వ్యాధిగ్రస్తులు కాగా ఏడుగురు మరణించారు. అంతవరకు శాస్త్రలోకానికి తెలియని ఆ వైరస్‌కు మార్‌బర్గ్ పేరే స్థిరపడింది.

1989లో అమెరికాలోని రెస్టన్ పట్టణంలో, ఫిలిప్పీన్స్ నుండి తెచ్చి క్వారంటైన్‌లో ఉంచిన కోతులు వరుసగా మరణించసాగాయి. పరీక్షించగా ఎబోలా జాతికి చెందిన వైరస్ బయటపడింది. సంరక్షకులలో నలుగురికి అది సోకినట్లు రక్తపరీక్షలు తెలిపాయి. వారిలో ఒకరు మృతకళేబరాన్ని పరీక్షిస్తూ వేలు కోసుకున్నారు. అదృష్టవశాత్తు ఆ రకం వైరస్ మానవులను రోగగ్రస్తులను చేయలేదు. అయితే అదృష్టాన్ని నమ్ముకొని ఏ వృత్తీ సాగదు.

1997లో అమెరికాలోని ఒక వానర పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్ళ యువతి బోనులోని కోతిని తరలిస్తుండగా, దాని మలినద్రవం ఆమె కంటిలో చిందింది. కళ్ళకు రక్షణ అద్దాలు లేవు. కోతులలో సాధారణంగా నిరపాయంగా ఉండే హెర్పిస్ బి వైరస్ ఆమె నాడీమండలాన్ని దెబ్బతీసింది. ఆరు వారాలలో ఆమె కన్నుమూసింది. కాటు లేదు, గాయం లేదు. ఒక్క చుక్క ద్రవం మాత్రమే. కోతుల దగ్గర పనిచేసేవారు కళ్ళను కాపాడుకోవలసిన ఆవశ్యకతను ఈ సంఘటన లోకానికి చాటింది.

ఇటువంటి అనుభవాల నుండియే నేటి నియమాలు రూపొందాయి. మొదట ఆరోగ్యంగా ఉన్న జంతువుల పని ముగించి, చివరగా క్వారంటైన్ గదిలో ప్రవేశించాలి. ఆ గదికి ప్రత్యేకమైన దుస్తులు, పాదరక్షలు, చీపుర్లు, బకెట్లు ఉండాలి. చేతితొడుగులు, మాస్కు, కళ్ళద్దాలు ధరించాలి. వాటిని విప్పడంలోనూ క్రమం అవసరం. ఎక్కువగా మలినమైన చేతితొడుగులను ముందు, మాస్కును చివర తొలగించి, సబ్బుతో చేతులు కడుగుకోవాలి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టరాదు. ప్రమాదకరమైన జంతువు వద్దకు ఒంటరిగా వెళ్ళరాదు. కోతి కరచినా, గీరినా, కంటిలో ద్రవం చిందినా వెంటనే పదిహేను నిమిషాలపాటు కడిగి, వైద్యుని కలవాలి. రేబిస్ సోకే అవకాశమున్న పనిలో ఉన్నవారు ముందుగానే టీకాలు వేయించుకోవాలి.

నియమాలను గోడమీద అంటించినంత మాత్రాన యాజమాన్యం బాధ్యత తీరదు. గీత పడిందని చెబితే కూలి పోతుందేమోనని భయపడే పనివాడు గాయాన్ని దాచుకుంటాడు. దాచిన గాయం వైద్యానికి అందదు. కనుక గాయాన్ని తెలిపినవారిని నిందింపక, వెంటనే చికిత్స చేయించే వాతావరణాన్ని కల్పించడం యాజమాన్యపు విధి. రక్షణ సామగ్రి పనివానికి దయతో ఇచ్చే కానుక కాదు. అది అతని హక్కు.

ఈ రక్షణ మనిషికే పరిమితం కాదు. 2021 మే నెలలో హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఎనిమిది సింహాలకు కొవిడ్ సోకినట్లు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. మనుషుల నుండే అది వాటికి సోకి ఉంటుందని భావించారు. వాటిని వేరుగా ఉంచి చికిత్స చేయగా అవి కోలుకున్నాయి. వ్యాధి ఇరువైపులా ప్రయాణిస్తుందని ఈ సంఘటన తెలియజేస్తున్నది. సంరక్షకుడు ధరించే మాస్కు అతనికి ఎంత రక్షణయో, నోరు విప్పి తన బాధ చెప్పుకోలేని జీవికీ అంతే రక్షణ.

అర్థాలు

నిరపాయం – అపాయం లేనిది
మృతకళేబరం – ప్రాణంలేని శరీరం
నాడీమండలం – మెదడు, వెన్నుపాము, నరాలతో కూడిన వ్యవస్థ
ఆవశ్యకత – అవసరం

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నకు వ్యాసరూప సమాధానం వ్రాయండి.
1. క్వారంటైన్ కేంద్రాలలో పనిచేసేవారు పాటించవలసిన జాగ్రత్తలను సోదాహరణంగా వివరించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. రెస్టన్ పట్టణంలో జరిగిన సంఘటనను తెలపండి.
2. పనివాడు గాయాన్ని దాచుకోవడానికి కారణమేమి?

ఇ. ఏకవాక్య సమాధానం వ్రాయండి.
1. క్వారంటైన్ అనే పదం ఎన్ని రోజులను సూచిస్తుంది?