శిస్తు వసూలు, చిత్రహింస, పోలీసు: 1855 నాటి మద్రాసు విచారణ

నేరము చేసితినని పోలీసు అధికారి ఎదుట ఒప్పుకొన్న మాట న్యాయస్థానములో సాక్ష్యముగా చెల్లదను సంగతి మన గ్రామములలో చాలమందికి తెలియును. ఆ నిబంధన ఎట్లు వచ్చినదో తెలిసినవారు మాత్రము తక్కువ. దాని మూలమును దొంగతనముల చరిత్రలో వెదకిన చాలదు. మన పూర్వులు చెల్లించిన భూమిశిస్తు చరిత్రలో కూడ వెదకవలెను. చరిత్రకారులు, రాజ్యాదాయ వ్యయములను పరిశీలించు ఆర్థికశాస్త్రజ్ఞులు, శిక్షాస్మృతిని చదువు న్యాయవేత్తలు ఎవరికి వారే కూర్చుండినయెడల ఈ సంగతి ఎవరికిని పూర్తిగా కనబడదు. 1855లో మద్రాసులో సిద్ధమైన ఒక నివేదిక ఈ మూడు విద్యలను ఒకచోట చేర్చుచున్నది. ఆ నివేదికను గురించి మేమిచ్చట వివరింపదలచితిమి.

నాటి మద్రాసు రాజధానిలో కోస్తా ఆంధ్రము, రాయలసీమ, బళ్ళారి, తమిళ జిల్లాలు, మలబారు చేరియుండెను. తెలంగాణము నిజాము ఏలుబడిలో నున్నందున ఈ కథలోనికి రాదు. రాజధాని ఆదాయములో అధికభాగము భూమిశిస్తే. జమీందారీలు లేనిచోట్ల రైత్వారీ పద్ధతి నడచుచుండెను. రైతు పేర పట్టా వ్రాసి, ఏటేట జమాబందీ జరిపి, కిస్తుల ప్రకారము రొక్కము వసూలు చేసెడివారు. శిస్తు మొదటినుండియు భారముగనే ఉండెను. పంటలో ఇంచుమించు మూడవవంతునకు దానిని తగ్గింపవలెనని 1807లో థామస్ మన్రోయే సిఫారసు చేసెను. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నది ఈయన మీది గౌరవముచేతనే. అయినను ఆ తగ్గింపు ఆయన 1820లో గవర్నరై వచ్చిన పిదపగాని అమలు జరుగలేదు.

తగ్గించిన తరువాతనైనను రైతు తేరుకొనలేదు. ఏలయన, ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దములు ధాన్యము ధరలు పడిపోయి యుండెను. శిస్తు మాత్రము రూపాయలలో నిర్ణయమైనది. లెక్కలోని అంకె మారకున్నను, ఆ అంకెను తీర్చుటకు రైతు అమ్మవలసిన గింజలు పెరిగినవి. 1800 మొదలు 1850 వరకు మద్రాసు రాజధాని ఆర్థిక స్థితిగతులను గురించి ఎ. శారదా రాజు 1941లో ప్రచురించిన గ్రంథము ఈ విషయమును చక్కగ విశదపరచినది. శిస్తు రేటు ఒక్కదానినే చూచి పన్ను బరువును కొలువరాదని ఇందువలన మనము గ్రహింపవచ్చును. ఇచ్చువాని చేతికి రొక్కము వచ్చు దారి ఎట్లున్నదో కూడ చూడవలెను.

ఇట్టి శిస్తును వసూలు చేయువాడెవడు? తహసీలుదారు, అతని క్రింది బంట్రోతులు. దొంగలను పట్టువాడెవడు? మరల వారే. 1802లో ఏర్పడిన పద్ధతి ప్రకారము పోలీసు దారోగాలు జిల్లా జడ్జి అధీనమున నుండిరి. ఆ యేర్పాటు దేశస్థితికి సరిపడలేదని మన్రో వాదించెను. ఆయన వాదము ననుసరించి 1816లో చేసిన రెగ్యులేషనులు మేజిస్ట్రేటు అధికారమును జడ్జినుండి తీసి కలెక్టరున కొప్పగించినవి. తాలూకా పోలీసు తహసీలుదారు వశమైనది. గ్రామమున మునసబు, తలారులు ఆ పని చూచిరి. గ్రామపు పాత కట్టుబాట్లను నిలుపుట, ఖర్చు తగ్గించుట మన్రో ఉద్దేశములు. అవి చెడ్డ ఉద్దేశములని మేమనము. కాని కిస్తు బాకీ అడుగువాడు, సంకెల వేయువాడు, పిర్యాదు వినువాడు ఒక్కడే యైనప్పుడు ఏమి జరుగునో ఆ తరువాతి నలువది సంవత్సరములు చూపినవి.

బాకీపడిన రైతు ఆస్తిని జప్తుచేసి వేలము వేయుటకు చట్టము వీలు కల్పించెను. కాని అది తీరిక మీద జరుగు పని. కిస్తు గడువులోగా సొమ్ము చేరకున్న తహసీలుదారునకు పైనుండి మాట వచ్చును. దెబ్బకు ఖర్చు లేదు, కాగితము లేదు. బాకీదారుని మండుటెండలో నిలబెట్టెడివారు. నడుము వంచి వీపుమీద రాయి నుంచెడివారు. తలను కాళ్ళ దగ్గరకు వంచి త్రాటితో కట్టివేసెడివారు. చెవులు మెలిపెట్టుట, తొడపాశము పెట్టుట, భోజనమునకు పోనీయకుండుట, పశువులను మేతకు విడువకుండుట సామాన్యమైన పనులు. ఇద్దరు బాకీదారులను జుట్టుకు జుట్టు ముడివేసి నిలుపుటయు కలదు. వ్రేళ్ళను రెండు కర్రల నడుమ నొక్కు ‘కిట్టి’ యను సాధనము పేరు నివేదికలో పలుమారు వచ్చును. బాకీ కొన్ని రూపాయలే యైనను ఇట్లే జరిగెడిది.

ఈ సంగతి సముద్రము దాటించినవారిలో ముఖ్యుడు ఒక తెలుగువాడు. మద్రాసు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868) 1844లో ‘క్రెసెంట్’ అను ఆంగ్ల పత్రికను నెలకొల్పెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, శిస్తు బాధలను, అధికారుల దౌర్జన్యములను వివరించుచు బ్రిటిషు పార్లమెంటునకు మహజరు పంపించెను. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసునకు రాగా, అతనిని జిల్లాలలో త్రిప్పి రైతుల నోటనే వారి కష్టములను వినిపించెను. 1854 జూలైలో కామన్సు సభయందు ఈ ప్రస్తావన వచ్చినప్పుడు కంపెనీ పక్షమువారు మొదట నమ్మలేదు. తుదకు విచారణ తప్పలేదు. తన ఆస్తిని ప్రజాకార్యములకు ధారపోసి లేమిలో మరణించిన ఈ శెట్టిగారిని మన పాఠ్యపుస్తకములు తగినంతగా స్మరింపకుండుట విచారకరము.

1854 సెప్టెంబరులో ముగ్గురితో కమిషను ఏర్పడినది. ఇలియట్ మద్రాసు నగర మేజిస్ట్రేటు. హెన్రీ స్టోక్స్ పూర్వము గుంటూరు కలెక్టరుగా నుండినవాడు. జాన్ బ్రూస్ నార్టన్ న్యాయవాది, కంపెనీ పాలనను విమర్శించినవాడు. వారికి 1,959 పిర్యాదులు అందినవి. అందు 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనిరి, తక్కినవి వ్రాతమూలకమైనవి. 1855 ఏప్రిలులో సమర్పించిన నివేదికలో, శిస్తు కొరకు చిత్రహింస రాజధానిలో సామాన్యముగ జరుగుచున్నదని వారు నిర్ధారణ చేసిరి. నేరము ఒప్పించుటకు హింసింపబడువారి సంఖ్య శిస్తు చెల్లింపనందుకు హింసింపబడువారి సంఖ్యకు సమానమగునాయని సందేహము వెలిబుచ్చిరి. అనగా ఈ హింస మొదట ఖజానాకు, తరువాతనే నేరవిచారణకు పనికివచ్చినదన్నమాట.

హింస ఉన్నదని తేలుటకంటె, దానికి పరిహారము దొరకకుండుట తమను ఎక్కువగ కలచివేసినదని కమిషనర్లు వ్రాసిరి. దెబ్బతిన్న రైతు కలెక్టరు కచేరికి నడచి పోవలెను. త్రోవ ఖర్చు పెట్టవలెను, సేద్యము మానుకొనవలెను. అంతచేసి అర్జీ పెట్టుకొన్నను, దానిమీద ‘తహసీలుదారునకు పంపడమైనది’ అను మామూలు వ్రాత పడి తిరిగివచ్చును. ఎవనిమీద మొరపెట్టెనో వాని చేతికే అర్జీ చేరును! ఒకవేళ మేజిస్ట్రేటు ఎదుట నేరము రుజువైనను, ఆయన విధింపగల శిక్ష ఏబది రూపాయల జుల్మానా, లేదా ఒక నెల ఖైదు. అంతకుమించిన శిక్షకు క్రిమినల్ జడ్జి వద్దకు పంపవలెను. సాక్షులతో రైతు మరల ప్రయాణము కట్టవలెను.

అయితే ఈ నివేదికను ఉన్నదున్నట్లు స్వీకరింపరాదు. ప్రజల మొర అంతయు నల్ల ఉద్యోగుల క్రూరత్వము మీదనేగాని తెల్ల అధికారుల మీద కాదని కమిషనర్లు తీర్మానించిరి. ఏటేట ఇంత శిస్తు రాబట్టవలెనని నిర్ణయించినది ఎవరు? కొరత పడినప్పుడు సంజాయిషీ అడిగినది ఎవరు? ఈ ప్రశ్నలకు నివేదిక సూటిగ బదులీయదు. 1857 సెప్టెంబరులో న్యూయార్కు పత్రికలో ఈ నివేదికను గురించి వ్రాసిన కార్ల్ మార్క్స్, బాధ్యత పై అధికారులకును కలదని వాదించెను. 1991లో డగ్లస్ పీర్స్ ఈ విచారణను గురించి ప్రత్యేకముగ ఒక వ్యాసము ప్రకటించెను. మా అభిప్రాయమున కొట్టిన బంట్రోతు నిర్దోషి కాడు. కాని వసూలు లెక్కను చూడక బంట్రోతును మాత్రమే చూచుట సగము చరిత్రయే యగును.

నివేదిక ఫలితముగ పోలీసును రెవిన్యూనుండి విడదీయు ప్రయత్నము ఆరంభమైనది. 1859లో 24వ చట్టముచేత మద్రాసు రాజధానిలో ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడినది. 1861లో దేశమునకు వచ్చిన పోలీసు చట్టమునకు ఇది మార్గదర్శకమైనది. పోలీసు వేరైనంతమాత్రమున ఠాణాలలో దెబ్బలు ఆగలేదు. 1859 నుండి 1947 వరకు మద్రాసు పోలీసు చరిత్రను వ్రాసిన డేవిడ్ ఆర్నాల్డ్, ఆ శాఖ పరప్రభుత్వపు బలప్రయోగ సాధనముగ ఎట్లు పెరిగినదో చూపెను. పోలీసు ఎదుటి ఒప్పుకోలు చెల్లదను నియమము 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో చేరి, 1872 సాక్ష్య చట్టములో 25వ సెక్షనైనది. ఆ మాటవలన దాచిన వస్తువు బయటపడినచో అంతమేరకు చెల్లునను మినహాయింపు కూడ వెంటనే ఉన్నది. ఆ సందునుండియే పాత అలవాటు లోనికి వచ్చుచున్నదని న్యాయవేత్తలు పలువురు చెప్పుదురు. కలెక్టరు చేతినుండి నేరవిచారణాధికారము దేశమంతట ఒకే తీరుగ విడివడుట 1973 నాటి కోడుతోగాని పూర్తికాలేదు. అది 1974 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను.

1860 నాటి శిక్షాస్మృతి 330వ సెక్షను, ఒప్పుకోలు కొరకుగాని, బాకీ రాబట్టుటకుగాని గాయపరచువానికి ఏడు సంవత్సరముల వరకు ఖైదు విధించెను. దాని క్రింద ఇచ్చిన ఉదాహరణములలో పోలీసు అధికారితోపాటు, శిస్తు బాకీ కొరకు ఒకనిని హింసించు రెవిన్యూ అధికారియు, కౌలు కొరకు రైతును హింసించు జమీందారుడును కనబడుదురు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఆ నేరము 120వ సెక్షనుగ మారినది. రెవిన్యూ అధికారి ఉదాహరణము అందులో నేటికిని అట్లే నిలిచియున్నది.